మదినెయో మిషను, వీధి రేడియోలు

మఫెటెంగ్ ఊళ్లో మా వీధికి కరెంటు వచ్చిన ఏడాదే మదినెయో తన చేతి కుట్టుమిషనుకు మోటారు పెట్టించుకుంది. కాలితో నొక్కితే చాలు, సూది పరుగులు తీసేది. ఆవిడకు బట్టలు కుట్టడం ఎంత ఇష్టమో, రేడియోలో గుర్రప్పందాలు వినడం అంతకు రెట్టింపు ఇష్టం. ఆవిడ తమ్ముడు తుమిసాంగ్ ఆ పందాల్లో పేరుమోసిన రౌతు.

అప్పటినుంచే వీధిలో ఏ రేడియో పెట్టినా గరగర. మాంసం కొట్టు ఖొపిసో కొత్తగా కొన్న ఫ్రిజ్ మీదే అందరికీ అనుమానం. అందరికంటే గట్టిగా తిట్టింది మదినెయోనే.

పందెం రోజు పొద్దున కుడుతున్న పెళ్లిగౌను వదిలేసి, చిన్న రేడియో చంకన పెట్టుకుని కొట్టు మీదికి వెళ్లింది. మా వైపు మగవాళ్లను 'న్తాతె', అంటే 'అయ్యా' అని పిలుస్తారు.

"న్తాతె ఖొపిసో! మధ్యాహ్నం నా తమ్ముడి పందెం. ఆ ఫ్రిజ్ డబ్బా ఆపుతావా, నన్నే తీగ పీకెయ్యమంటావా?"

"ఏదీ, ఆ గోల వినిపించు," అన్నాడాయన కత్తి పక్కన పెట్టి.

రేడియో తిప్పింది. పాట ఖంగున వచ్చింది.

"చూశావా! నన్ను చూసి ఆపేశావు!"

"చెయ్యి పెట్టి చూడమ్మా, ఎలా అదురుతోందో."

ఫ్రిజ్ నిజంగానే అదురుతోంది. మదినెయో చప్పున చెయ్యి తీసేసింది.

"ఇందాకటిదాకా ఏం చేస్తున్నావ్ నువ్వు?" అన్నాడు ఖొపిసో.

"ఏం చేస్తాను, కుడుతు..." మాట సగంలోనే ఇంటికి పరుగెత్తింది. ముందు కట్టుకున్న నెత్తుటి మరకల గుడ్డతోనే ఆయన వెనకాల పడ్డాడు. మోటారు నొక్కితే గరగర. కాలు తీస్తే పాట.

"నేనే! ఓరి నాయనో, ఇన్నాళ్లూ నేనేనా!" పగలబడి నవ్వింది. "క్షమించు న్తాతె, ఉత్తపుణ్యాన తిట్టాను."

"సరేలే, మిషను ఆపు."

"ఆపితే పెళ్లికూతురు చంపుతుంది. ఇవాళే గౌను కోసం వస్తోంది. ఆపకపోతే మీరంతా చంపుతారు!"

రేడియోలు బాగుచేసే రపిట్సోను పిలుచుకొచ్చారు. ఆయన తీగ పీకి మోటారు విప్పాడు. "లోపల నిప్పురవ్వలు లేస్తున్నాయమ్మా. ఆ గోల కరెంటు తీగ పట్టుకుని ఇంటింటికీ పోతోంది. దాన్ని ఇక్కడే మింగేసే కండెన్సరు పెడతాను."

పెట్టాడు. గరగర తగ్గింది కానీ పోలేదు. తల గోక్కుని, దాన్ని మోటారుకు ఇంకా దగ్గరగా జరిపి, పొడుగు తీగలు కత్తిరించి మళ్లీ అతికాడు. మదినెయో కాలు మోపింది. మిషను పరుగెత్తింది, పాట చెక్కు చెదరలేదు. చుట్టూ చేరిన ఆడవాళ్లు సంబరంగా నాలుక ఆడిస్తూ కూతలు పెట్టారు.

మధ్యాహ్నం వీధంతా ఆవిడ గదిలోనే, రేడియో చుట్టూ. తుమిసాంగ్ గుర్రం వరసలో నాలుగోది. మలుపులో మూడోది. "తోలరా, తోలు!" అని అరుస్తూనే మదినెయో కుడుతోంది. గుర్రం ఊపందుకున్న కొద్దీ ఆవిడ కాలు బలంగా దిగుతోంది. రెండోది... సమానంగా... తలకాయంత తేడాతో గెలిచేశాడు!

మదినెయో ఎగిరి గంతేసింది. ఆవిడతోపాటు గౌనూ లేచింది. పందెం ధ్యాసలో గౌను అంచును తన పావడాకే కలిపి కుట్టేసుకుంది.

అప్పుడే గుమ్మంలోకి వచ్చిన పెళ్లికూతురు, "అమ్మా, అది నా గౌనేనా?" అంది నోరు తెరిచి.

"నీదేనే తల్లీ! మా వాడు గెలిచాడు, ముందు ఆ కత్తెర అందుకో!"