పాటకట్టి నేర్చుకున్న రాజ్యాంగం

మా ఎదురింట్లోకి కొత్తగా దిగిన అమ్మాయి మొన్న మధ్యాహ్నం కరివేపాకు కోసమని వచ్చి, వంటింట్లో స్టూలు మీద కూర్చుని, చెవుల్లో ఏవో తెల్లటి బుడిపెలు పెట్టుకుని తనలో తాను పెదవులు కదుపుతుంటే, జపం చేసుకుంటోందేమోనని పలకరించకుండా ఊరుకున్నాను. తీరా చూస్తే వచ్చే నెల సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూ అట. ఫోను ప్రశ్న అడుగుతుందట, తను జవాబు చెబుతుందట, తప్పయితే ఎర్ర రంగు, ఒప్పయితే పచ్చ రంగు చూపిస్తుందట. "మీ టైమ్‌లో యాప్ లేకుండా ఎలా ప్రిపేర్ అయ్యారు ఆంటీ?" అని అడిగింది. పాట పాడుకుంటూ నేర్చుకున్నానమ్మా అంటే వేళాకోళం అనుకుని నవ్వేసింది. నాతోపాటు ఆ రోజుల్లో ఈ దేశం వచ్చినవాళ్లయితే నవ్వరు, వాళ్లకీ ఇలాంటి కథ ఒకటి ఉండే ఉంటుంది.

నేను అమెరికా వచ్చి, న్యూజెర్సీలోని ఈ ఎడిసన్‌లో దిగింది డెబ్భై ఎనిమిదిలో. ఓక్ ట్రీ రోడ్డు మీద ఇప్పుడున్నన్ని మన కొట్లు అప్పుడు ఎక్కడివి! నా చదువు అయిదో తరగతితో ఆగిపోయింది, పెళ్లయ్యాక రెండేళ్లు తెనాలి దగ్గర అత్తవారింట ఉండి, ఆ తరువాత మా వారి దగ్గరికి వచ్చాను. ఆయన మందుల కంపెనీలో కెమిస్టు. అమ్మాయి, అబ్బాయి ఇక్కడే పుట్టారు, ఆయన ఎనభై అయిదులో సిటిజన్ అయ్యారు. నన్ను మాత్రం ఎవరూ తొందర పెట్టలేదు, నాకూ తోచలేదు. కూరగాయల కొట్లో, పిల్లల బడిలో, డాక్టరు దగ్గర నా ముక్కల ఇంగ్లీషుతోనే నెట్టుకొచ్చేదాన్ని, ఏ లోటూ కనిపించలేదు.

ఎనభై ఏడులో ఈ దేశపు రాజ్యాంగానికి రెండు వందల ఏళ్లు నిండాయి. బళ్లలో అంతా ఆ సందడే. మా అమ్మాయి అప్పుడు మూడో తరగతి, వాళ్ల టీచరు పిల్లలందరిచేతా తరగతికి ఒక రాజ్యాంగం రాయించిందట. ఆ ఊపులో ఇంటికొచ్చి మా ఇంటికీ ఒకటి రాసి, మంచినీళ్ల గ్లాసులు పెట్టే అలమారకి అంటించింది. కొట్టకూడదు, అరవకూడదు, నాన్న మమ్మల్ని అడగకుండా టీవీ చానెల్ మార్చకూడదు, ఆదివారం టిఫిన్ ఏమిటో ఓట్లు వేసి తేల్చాలి, ఇలా ఓ పది ఉన్నాయి. ఆ ఆదివారమే మొదటి ఎన్నిక. పిల్లలిద్దరూ పాన్‌కేక్ అన్నారు, మా వారు ఉప్మా అన్నారు, నేనూ ఉప్మాకే చెయ్యెత్తాను.

"రెండూ రెండూ సమానం, ఇప్పుడెలాగే?" అన్నారు మా వారు.

"సమానం కాదు నాన్నా, టూ టు వన్," అంది మా అమ్మాయి, వేళ్లు లెక్కపెట్టి చూపిస్తూ. "అమ్మ సిటిజన్ కాదు కదా. అమ్మకి ఓట్ లేదు."

అందరం నవ్వాం, అందరికంటే ఎక్కువ నేనే నవ్వాను. ఆ పిల్ల వెక్కిరించలేదు, బడిలో నేర్పిన మాట చెప్పింది, అంతే. నేను వెళ్లి పాన్‌కేకులే వేశాను. పెనం ముందు నిలబడి ఒక్కొక్కటే తిరగేస్తుంటే మాత్రం, నేను కని పెంచిన పిల్లల మధ్య, నేను వండే ఇంట్లో, నేనొక్కదాన్నే లెక్కలోకి రానిదాన్నయ్యానే అనిపించింది. మర్నాడే మా వారిని దరఖాస్తు తెమ్మన్నాను.

ఆయన పుస్తకం తెచ్చారు, పాఠం చెప్పడానికి కూర్చున్నారు, కానీ ఆయన చెబితే అది ఉపన్యాసం, నాకు ఆవులింతలు. నాకు నిజంగా చదువు చెప్పింది మా పక్కింటి టీచరమ్మ. తెల్లావిడ, ఏళ్ల తరబడి బళ్లో పాఠాలు చెప్పి రిటైరయింది, ఒక్కర్తే ఉండేది. పిల్లలు బడికి వెళ్లాక పదింటికి వచ్చేది, కాఫీ గ్లాసులో ఇస్తేనే తాగేది, కప్పు వద్దనేది, పెసరట్టు మీద అల్లం ఎక్కువ వెయ్యమని అడిగి మరీ వేయించుకునేది. ఆవిడ ప్రశ్నా జవాబూ మెల్లగా చెబుతుంటే నేను తెలుగు అక్షరాల్లో రాసుకునేదాన్ని. రాసుకున్నది ఒంటపట్టాలంటే నాకు తెలిసిన దారి ఒక్కటే. మా పుట్టింట్లో ఆడవాళ్లం పెళ్లిపాటలు నేర్చుకున్నట్టు, ఒక చరణం కొసని పట్టుకుని ఇంకో చరణం అందుకోవడం. జెండా రంగులు మూడు, చుక్కలు యాభై, చారలు పదమూడు, అక్కడినుంచి సుప్రీంకోర్టు జడ్జీలు, అక్కడినుంచి సెనేటర్లు... పప్పు కలుపుతూ, బట్టలు మడత పెడుతూ అదే పాట. మా అబ్బాయికి కూడా సగం వచ్చేసింది.

ఒకరోజు ఆవిణ్ణి అడిగాను, దేశానికి ప్రెసిడెంటు ఉన్నాడు, పోలీసులు ఉన్నారు, కోర్టులు ఉన్నాయి, మళ్లీ ఈ రాజ్యాంగమనే పుస్తకం దేనికి అని. ఆవిడ గ్లాసు కింద పెట్టి, ఇది మనల్ని భయపెట్టడానికి రాసింది కాదు, కుర్చీలో కూర్చున్నవాడు దాటకూడని గీత ఇది అంది. ఎవరు చదివినా అర్థమవ్వాలి, చిన్నదిగా ఉండాలి, తప్పని తోస్తే దిద్దుకునే వీలుండాలి, అలాగని పొద్దుటికో రకంగా సాయంత్రానికో రకంగా దిద్దే వీలు ఉండకూడదు అంది. నాకు వెంటనే మా పెద్దమావగారు గుర్తొచ్చారు. అత్తవారింట ఆయన మాటే మాట. చెడ్డవారు కాదు, పాపం, కోడళ్లకి దొంగచాటుగా మల్లెపూలు తెచ్చి ఇచ్చేవారు. కానీ నిన్న సరేనన్న సినిమా ఇవాళ తప్పయ్యేది. పొద్దున్నే ఆయన ముఖం చూసి వచ్చి, ఇవాళ అడగొచ్చు, ఇవాళ వద్దు అని తోడికోడళ్లం గుసగుసలాడుకునేవాళ్లం. అదేదో రాసి గోడకి అంటించి ఉంటే ఆయనా ఒకసారి అటు చూసుకునేవారు, మాకూ ఆయన ముఖం చూసే పని తప్పేది.

ఇంటర్వ్యూ రేపనగా, ఆదివారం పొద్దున మా వారు పరీక్ష పెట్టారు. సెనేటర్లు ఎంతమంది అన్నారు. నేను కళ్లు మూసుకుని పెదవులు కదపసాగాను.

"ఏమిటే, జవాబు చెప్పకుండా ఏం చేస్తున్నావ్?"

"ఉండండి, ఇంకా చారల దగ్గరే ఉన్నాను."

ఆయన ముందు పగలబడి నవ్వారు, తరువాత ముఖం పాలిపోయింది. "ఆఫీసరు నీ పాట మొదట్నుంచీ వింటాడటే?" అన్నారు. నిజమే, పాట మధ్యలోంచి అందుకోవడం నాకు చేతకాదు, ఆ సంగతి అప్పటిదాకా నాకే తెలియదు. ఒక్క రోజులో ఏం దిద్దుకుంటాను!

న్యూవార్క్ ఇమిగ్రేషన్ ఆఫీసులో ఆ గది, ఆ కళ్లజోడు పెద్దమనిషి ఇప్పటికీ నా కళ్ల ముందే ఉన్నారు. పేరు, ఊరు, పిల్లలు అన్నీ బాగానే చెప్పాను. సరిగ్గా సెనేటర్లే అడిగాడు. నేను జెండా దగ్గర మొదలుపెట్టాను, లోలోపల.

"ఆర్ యూ ప్రేయింగ్, మేడమ్?"

"నో సర్. సాంగ్. ఫ్రమ్ ఫస్ట్ ఓన్లీ కమింగ్," అన్నాను.

ఆయన కలం కింద పెట్టి కూర్చున్నాడు. అక్కడికి చేరుకుని "హండ్రెడ్ సర్!" అన్నాను. తరువాత జడ్జీలు ఎంతమంది అన్నాడు. అది వెనకటి చరణం, దాటి వచ్చేశాను, మళ్లీ జెండా. అప్పటికే ఇంటికి వెళ్లి పిల్లలకి ఏమని చెప్పాలా అనుకుంటున్నాను. జడ్జీలు తొమ్మిది అని చెప్పగానే ఆయన పుస్తకం మూసి, అందులో లేని ప్రశ్న అడిగాడు. అసలు మనకి రాజ్యాంగం ఎందుకు అని.

నా పాటలో దానికి చరణం లేదు. ఏమైతే అయిందని నోటికొచ్చింది చెప్పాను. "సర్, మై హౌస్, ఓల్డ్ అంకుల్. గుడ్ మేన్. బట్ టుడే మూడ్ యెస్, టుమారో మూడ్ నో. పేపర్, నో మూడ్ సర్."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, నవ్వుతూ కాగితం మీద ముద్ర వేశాడు.

తరువాత కోర్టు హాల్లో చెయ్యెత్తి ప్రమాణం చేస్తుంటే ఏడుపు ఆగలేదు. పుట్టిన దేశానికీ ఇంతకంటే పెద్ద పుస్తకమే ఉందట, ఇరవై ఏళ్లకు పైగా దాని నీడన బతికి ఒక్క పేజీ చదవలేదు, అది నాది కూడానని నాతో ఎవరూ అనలేదు, వదులుకునే రోజున తెలిసింది.

ఆ నవంబరులో టీచరమ్మే తన కారులో నన్ను మొదటిసారి ఓటుకి తీసుకెళ్లింది. బడి ఆవరణలో పెద్ద ఇనప మిషను, లోపలికి వెళ్లి మీట లాగితే వెనకాల తెర మూసుకుంటుంది. తెర పడింది. చుట్టూ ఎవరూ లేరు. పుట్టి బుద్ధెరిగాక ఏది తేల్చాలన్నా ముందు ఒక ముఖం వంక చూసేదాన్ని, నాన్నది, పెద్దమావగారిది, మా వారిది. అక్కడ చూద్దామంటే ముఖమే లేదు, గుడ్డ తెర తప్ప. ఎంతసేపున్నానో, బయటినుంచి టీచరమ్మ, "ఆర్ యూ ఆల్‌రైట్, డియర్?" అని పిలిచింది. బాగానే ఉన్నాను, అంత బాగా అంతకుముందు ఎప్పుడూ లేను.

టీచరమ్మ పోయి చాలా ఏళ్లయింది. ఆ మిషన్లూ పోయాయి. ఇప్పుడు ఓటు కాగితం పోస్టులో వస్తుంది, మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కే బాధ తప్పింది, ఆ సుఖాన్ని కాదనను. భోజనాల బల్ల దగ్గర ఇద్దరం కూర్చుని నింపుతాం. మా వారు తనది ముందే అయిపోగొట్టి, "వాడికి వెయ్యకే, వాడు దండగ," అంటూ నా కాగితంలోకి తొంగి చూస్తారు. నేను చెయ్యి అడ్డం పెట్టుకుంటాను. తెర ఉన్న రోజుల్లో ఆ పని ఉండేది కాదు.