ఏడో నంబరు చీర కవరు

ఈ పొద్దున బాల్కనీల తీగ మీద ఆరేసిన చీర కవర్లు తీసుకుంట ఉంటే ఒకదాని మూలకు నల్ల ఇంకు కనపడ్డది. వెలుగుకు పట్టి చూస్తే ఏడు అంకె. ఎన్నిసార్లు సబ్బు నీళ్ళల్ల ముంచిన్నో లెక్క లేదు, అది పోలేదు. సూరత్‌ల చీర కవర్లకు కరువు లేదు, అయినా మా ఇంట్ల కవరు పారేసుడన్నది లేదు. కడిగి, ఆరేసి, పప్పులకు, ఎండు మిరపకాయలకు వాడుత. కోడండ్లు చాటుకు నవ్వుకుంటరని నాకు ఎరుకే. నవ్వనీ. ఇది మాత్రం మిగతా వాటిల ఎట్ల కలిసిందో, తీసి మళ్ళీ దేవుని గూట్ల పసుపు డబ్బా కింద పెట్టిన. ఈ కడుగుడు అలవాటు నా మీదికే ఒక్కసారి తిరగబడ్డది, దాని గుర్తు ఇది.

కుండ పెంకులు ఏరే మా సంఘం మొదలైంది బతుకమ్మ నాడు. మేము సూరత్‌ల ఈ లింబాయత్‌కు వచ్చి నలభై ఏండ్లు దాటింది. మా ఇంటాయన సాంచాల మీద, అంటే కరెంటు మగ్గాల మీద నేసుకుంట, నేను ఇంట్ల బాబిన్లకు దారం చుట్టుకుంట పిల్లలను పెద్ద చేసినం. మా గల్లీ అంతా మా తెలంగాణ దిక్కు నుంచి వచ్చిన నేతోళ్ళే, ఏటా బతుకమ్మను తాపి నది గట్టుకే తీసుకపోతం. సంఘం మొదలైన ఏడు వానలు గట్టిగ పడి గట్టు ఒక దిక్కు కోసుకపోయింది. బతుకమ్మను నీళ్ళల్ల ఇడిసి ఎక్కి వస్తుంటే నా కాలికి ఏదో గుచ్చుకున్నది. సీస ముక్క అనుకున్న. తీస్తే కుండ పెంకు, లోపలి దిక్కు నీలం పూత, ఇన్నేండ్లు మన్నుల ఉండి కూడ నెమలి మెడ లెక్క మెరుస్తున్నది. చుట్టూ చూస్తే గసుంటియి ఇంకెన్నో మన్నుల నుంచి తొంగి చూస్తున్నయి. నేను మూడో తరగతి దాకనే చదివిన, కానీ పాతది ఏదో కొత్తది ఏదో తెల్వనంత అమాయకురాలిని కాను. కొంగుల కట్టుకొని ఇంటికి తెచ్చిన. మా ఇంటాయన అటూ ఇటూ తిప్పి చూసి, "ఇన్నేండ్లు ఇంట్ల కుండలు పలగ్గొట్టింది చాలక, బయట పలిగినయి కూడ ఏరుకొస్తున్నవా?" అన్నడు.

మా చిన్న కోడలు ఇక్కడనే పుట్టి పెరిగిన పిల్ల, గుజరాతీల పన్నెండు దాక చదివింది. ఆమె పెంకుకు ఫోటో తీసి, తన పాత టీచరును పట్టుకొని, ఆ టీచరు ద్వారా ఒక మ్యూజియం సారుకు పంపింది. సారు వస్తడని నేను అనుకోలేదు. వచ్చిండు. సన్నగ, ఎండకు నల్లబడ్డ మనిషి, మా గడప మీద కూసొని చాయ్ తాగి, ఇక్కడోళ్ళు పెద్దమ్మలను పిలిచినట్టు నన్ను 'బా' అని పిలిచిండు. గట్టును తవ్వద్దు, అది సర్కారు అనుమతి ఉన్నోళ్ళ పని, వాన పైకి తెచ్చిన వాటినే ఏరుండ్రి అని చెప్పిండు. ఆయన హిందీల అన్న ఒక్క మాట మాత్రం నా చెవుల ఇప్పటికీ ఉన్నది. "ముక్క సగం సంగతే చెప్తది బా. మిగిలిన సగం అది దొరికిన జాగ చెప్తది." అందుకని గట్టును తొమ్మిది జాగలు చేసి, ఒక్కో జాగకు ఒక్కో నంబరు, ఆ నంబరు రాసిన ఒక్కో కవరు, లోపల చీటీ పెట్టించిండు. కవర్లు నేనే ఇచ్చిన, ఊరికెనే.

గట్ల పదకొండు మంది ఆడోళ్ళం అయినం. గల్లీ మగోళ్ళు మాకు పెంకుల సంఘం అని పేరు పెట్టిండ్రు. ఎగతాళికి పెట్టిన పేరే నేను సంఘం నోటుబుక్కు మీద రాయించిన. మూడు కట్టుబాట్లు పెట్టిన. సాంచాలకు సెలవున్న రోజు పొద్దున ఆరింటికి బయలెల్లుడు. ఆలస్యమైనోళ్ళు వచ్చిన తొవ్వనే ఎనుకకు పోవాలె. గోరు దిగినంత కన్న లోతుకు ఎవల వేలూ పోవద్దు. గట్టు మీద అత్తల ముచ్చట కోడండ్లు, కోడండ్ల ముచ్చట అత్తలు తీయద్దు. ఈ మూడో కట్టుబాటు మీదనే లొల్లి ఎక్కువైంది. ఎదురింటి వదినెకు నోరు ఊకుండదు. "నీ కన్న మా సాంచాల సేటు నయం, చాయ్‌కి, ముచ్చటకు అన్న ఇడుస్తడు," అన్నది. చాయ్, ముచ్చట ఇంటి కాడ కానిచ్చి రమ్మన్న. అయినా వచ్చుడు మానుకోలేదు, మోకాళ్ళ నొప్పులతోని ప్రతిసారి ముందుగాల వచ్చి నిలవడేది ఆమెనే.

రెండు నెలలు గడిచినంక తెలిసింది, ఆ గట్టు జాగ ఒకాయనదట, దాన్ని చదును చేసి గోదాము కడతడట. మేము పోయి అడిగినం. మంచి మనిషే. పాతది ఏదన్న ఉన్నదని మ్యూజియం సారు కాయితం రాసిస్తే గోదామును అవతలి మూలకు జరుపుకుంట, లేకుంటే పదిహేను రోజులల్ల మిషన్లు దిగుతయి అన్నడు. సారుకు కోడలు ఫోన్ చేసింది. గురువారం వస్త, ఏ జాగల ఏం దొరికిందో వరుసగ చూపెట్టుండ్రి, ఉన్నదని అనిపిస్తే రాసిస్త అన్నడు.

బుధవారం నాడు నేను చేసిన పని చెప్తున్న. పెద్దమనిషి వస్తున్నడు, కవర్లు చూస్తే మన్ను, బురద, చేపల వాసన. నాకు అట్ల చూపెట్టబుద్ధి కాలేదు. తొమ్మిది కవర్లల్లవి పెద్ద తొట్టిల కుమ్మరించి, కొబ్బరి పీచుతోని ఒక్కో పెంకు రుద్ది, ఎండల ఆరబెట్టి, అన్నీ ఒకటే బియ్యం సంచిల పోసిన. కవర్లు కడిగి తీగ మీద ఏసిన, ఒక్క ఏడు తప్ప మిగతా అంకెలన్నీ పోయినయి. చీటీలు తడిసినయని పారేసిన. పనంతా అయినంక నడుము పట్టుకున్నా మనసుకు సంబురమే అనిపించింది. సాయంత్రం కోడలు పని నుంచి వచ్చి తీగను చూసింది, సంచిని చూసింది. మెట్ల మీద కూలబడ్డది. అప్పుడు నాకు ఎరుకైంది. సగం సంగతి చెప్పే జాగను నేను సబ్బు నీళ్ళల్ల కడిగి మోరీల పోసిన.

ఎదురింటి వదినె వచ్చి సంగతి విన్నది. ఆమె మనసు మంచిదే, నన్ను కాపాడుదామని చూసింది. "ఏంది వదినె గంత రంది? తొమ్మిది కుప్పలు పెడదాం, కొత్త చీటీలు రాద్దాం. పెంకు లేచి సాక్ష్యం చెప్తదా ఏంది?" కోడలు నా మొఖం దిక్కు చూసింది. అబద్ధం చెప్పబుద్ధి కాలేదా అంటే, అయింది. నిజం చెప్తే గట్టు పోతది, పదకొండు మంది కష్టం పోతది, అందరి ముంగట నా ఇజ్జత్ పోతది. కానీ నేను బాబిన్లు చుట్టిన దాన్ని. నడుమల దారం తెగితే ముడి ఏసి చెప్పాలె. చెప్పకుండ పైన కప్పి చుడితే ఆ బాబిన్ సాంచ మీదికి పోయినంక బట్టంత ఖరాబు చేస్తది. వద్దు అన్న.

గురువారం సారు చాప మీద కూసున్నడు. నేను నిలవడే చెప్పిన. "తప్పు నాది సారూ. అన్నీ కలిపి కడిగిన. ఏది యాడిదో ఇప్పుడు నాకు తెల్వది." ఆయన ఒక పెంకు చేతికి తీసుకొని చూసిండు. శుభ్రంగ కడిగినవు బా, మా ఆఫీసుల కూడ ఇట్ల కడగరు అన్నడు. నవ్వలేదు. వీటిని పట్టుకొని కాయితం రాయలేను, రాస్తే నా మాట ఎవలూ నమ్మరు అన్నడు. ఇంక ఎన్ని రోజులున్నయని అడిగితే తొమ్మిది అని కోడలు చెప్పింది. ఇంత నిజం చెప్పినోళ్ళు మళ్ళీ ఏరితే నేను మళ్ళీ వస్త అన్నడు.

ఆ పూటనే మంచం కింది డ్రమ్ము బయటికి గుంజిన. బాబిన్ల అడుగున మిగిలిన దారం ఇరవై ఏండ్ల సంది అండ్ల దాస్తున్న. ఎందుకని ఆయన అడగని ఏడు లేదు. ఎర్ర దారం గట్టు పొడుగున చెయ్యి చాపినంత దూరంల వరుసలు గుంజినం, అది పడుగు. ఆకుపచ్చ దారం అడ్డంగ గుంజినం, అది పేక. చదువు రాని ఆడోళ్ళకు కూడ ఇంక చెప్పేది లేకుండె. మూడో పడుగు, ఐదో పేక అంటే ఏ గడి అన్నది మా గల్లీల పసిపిల్లకు కూడ ఎరుకే. ఈసారి చీటీ లేదు. ఆ గడిల దొరికిన పెంకుకే దారం చుట్టి, మూడు ఎర్ర ముడులు, ఐదు పచ్చ ముడులు ఏసినం. "గిప్పుడు నువ్వు ఎన్ని కవర్లు కడుక్కున్నా మాకేం భయం లేదు," అన్నది వదినె. అననిచ్చిన. ఆ మాట అనే హక్కు ఆమెకున్నది. సెలవు కోసం చూడలేదు, రోజూ పొద్దున పోయి, పనికి ఎల్లే యాళ్ళకు తిరిగొచ్చినం.

ఎనిమిదో నాడు సారు వచ్చిండు. గల్లీల రెండు దుప్పట్లు పరిచి, వాటి మీద అట్లనే దారం గడులు గుంజి, ముడులు లెక్కవెట్టుకుంట పెంకులను వాటి గడులల్ల పెట్టినం. ఒక్కొక్కటే పెడుతుంటే మాకే కనపడ్డది. కాలిన ఇటుక ముక్కలన్నీ ఏడో పేక ఎంబడి ఒకటే గీత లెక్క నిలవడ్డయి. నీలం పూత పెంకులన్నీ గీతకు ఇవతలనే. అవతల ఒక్కటి లేదు. సారు చెప్పులు ఇడిసి దుప్పటి పక్కన మోకాళ్ళ మీద కూసున్నడు. "బా, ఇక్కడ గోడ ఉండె. ఇటు ఎవలో ఇల్లు పెట్టుకొని బతికిండ్రు." ఎగతాళి చేసిన మగోళ్ళు కూడ దుప్పటి చుట్టూ వంగి చూసిండ్రు. కాయితం ఆయన మా ఇంట్లనే కూసొని రాసిండు.

గోదాము అవతలి మూలకు జరిగింది. గట్టుకు ఇప్పుడు కంచె ఉన్నది. సర్కారు తవ్వేటోళ్ళు ఇంకా రాలేదు. వస్తరు, రాకుంటే నేను అడుగుత. కడిగిన పెంకుల సంచి నా మంచం కిందనే ఉన్నది. సంఘంల కొత్తగ చేరినోళ్ళకు ముందుగాల ఆ సంచి ఇప్పి చూపెడుత, ఇవి నేను మూగ చేసిన పెంకులు అని చెప్పి పని నేర్పుత.

కాలం పోయింది, పోయింది అని అందరంటరు. నేను సాంచాల పక్కన బతికిన దాన్ని, నాకు గట్ల అనిపియ్యది. నేసిన బట్ట యాడికీ పోదు, రోలరుకు చుట్టుకుంటది, మొదలు నేసింది అన్నిటి కన్న లోపల ఉంటది. ఆ గోడ పక్కన అన్నం వండిన ఆమె లోపలి చుట్టుల ఉన్నది, నేను ఇప్పటికి పై చుట్టుల ఉన్న, నా మీద ఇంకా నేస్తనే ఉన్నరు.