అందరినీ అడిగి ఆమెను అడగలేదు

పదవీ విరమణకు మూడేళ్ల ముందు, ఒక కార్తీక మాసంలో, తిరుపతిలో మేజిస్ట్రేటుగా చేరాను. ఆ నెలంతా సన్నటి ముసురు. తిరుచానూరు నుంచి ఎవరొచ్చినా కోర్టు హాల్లోకి వాళ్లతోపాటు పూల వాసన వచ్చేది. ఈ కేసు వచ్చిన రోజుకు నాకు జ్వరం తగ్గి రెండు రోజులు. తలుచుకుంటే ఇప్పటికీ ఆ మధ్యాహ్నం సగం నిద్రలో గడిచినట్టే ఉంటుంది.

మూడు గంటలప్పుడు పోలీసులు యోగేశ్వరి అనే శ్రీలంక తమిళురాలిని హాజరుపరిచారు. తమిళనాడులోని శరణార్థుల శిబిరం నుంచి అనుమతి లేకుండా వచ్చి, కొన్నేళ్లుగా తిరుచానూరులో పూలు కట్టి అమ్ముకుంటోంది. విదేశీయుల చట్టం కింద కేసు. అరెస్టయిన మనిషిని ఇరవై నాలుగు గంటల్లోపు మా ముందుకు తేవాలి. జైలుకు పంపే ఉత్తర్వును రిమాండ్ అంటాం. దాని మీద సంతకానికి ముందు నాలుగు మాటలు అడగాలి: ఎందుకు పట్టుకున్నారో చెప్పారా, కొట్టారా, ఇంట్లోవాళ్లకు తెలిపారా, వకీలు కావాలా. ఎంతటి దొంగనైనా అడిగేవాణ్ని. ఆ రోజు కాగితంలో శ్రీలంక అని చూసి, నేరుగా కలం మూత తీశాను. మన రాజ్యాంగంతో ఈమెకేం పని అని లోపల ఎక్కడో అనుకున్నానేమో.

కాగితాలు అందించే బెంచ్ క్లర్కు మునిరత్నం వంగి మెల్లగా, "సార్, ఈయమ్మను మీరేం అడగలేదే. పొద్దున సైకిలు దొంగను గూడా అడిగినారు గదా" అన్నాడు.

నాకు సిగ్గేసింది. కలం పక్కనపెట్టి అడిగాను. మూడో ప్రశ్నకు ఆమె తలెత్తింది.

"ఎవురికీ తెలీదు సామీ. నా పాప రూములో ఒక్కతే ఉండాది. నాలుగేండ్లది. పొద్దున అది నిద్రపోతా ఉంటే, పూలు తెద్దామని బయట బీగమేసి మార్కెట్టుకు వచ్చినాను. ఆడ పట్టుకున్నారు."

పోలీసులకు ఎందుకు చెప్పలేదంటే, పాపను కూడా పట్టుకుంటారని భయమేసిందట. వెంటనే మహిళా కానిస్టేబులును తాళంచెవితో పంపించాను. అరగంటకు పాప వచ్చింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయి ఉంది. తల్లి కొంగు పట్టుకున్నాక మాత్రం మళ్లీ నిద్రపోయింది. ప్రభుత్వ ఖర్చుతో వకీలును పెట్టి, ఆయన వాదన విని బెయిలిచ్చాను. ఆమె చేసింది తప్పు కాకపోలేదు. కేసు నడిచింది.

ఓటు హక్కు పౌరులకే. ప్రాణానికి, అరెస్టయినవారికి ఉన్న రక్షణ ఈ నేల మీదున్న ఎవరికైనా. ఇది నాకు తెలియనిది కాదు, పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, ముందు నాలుగు మాటలూ అడిగి, ఆపైనే కాగితంలో దేశం చూసేవాణ్ని.