ఫొటోలకి పెట్టిన దొంగ చిరునామా

ఆ కాంట్రాక్టరు పేరెత్తితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మంట. బందరులో మాకు దూరపు చుట్టం, వరసకి బావ. రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్ళయ్యాక, హంసలదీవి దగ్గర సముద్రపు ఒడ్డున మడ అడవి మొక్కలు నాటే పని అతనికి దొరికింది. నాటిన ప్రతిచోటా ఫొటో తీసి, అది ఎక్కడ తీసిందో అక్షాంశ రేఖాంశాలు ఆ ఫొటోలోనే చేర్చి ఇవ్వాలని పని ఇచ్చిన సర్కారు ఆఫీసువాళ్ళ షరతు. నా దగ్గర డిజిటల్ కెమెరా ఉంది, కంప్యూటర్ పని వచ్చు. అందుకని నన్ను పిలిచి, ఒక జీపీయస్ పరికరం చేతికిచ్చాడు. దాన్ని నడుముకి తగిలించుకుని తిరిగితే, మనం ఏ నిమిషంలో ఎక్కడున్నామో గుర్తుపెట్టుకుంటుంది. ఆ లెక్కని కెమెరా గడియారంతో జతచేస్తే, ఏ ఫొటో ఎక్కడిదో కంప్యూటర్ రాసేస్తుంది.

మొదటిరోజే, పాలకాయతిప్ప దాటాక, జీపుకి అడ్డంగా ఒకావిడ నిలబడింది. పీతలు పట్టుకుని బతికే మనిషి. మోకాళ్ళదాకా బురద, చంకలో బుట్ట.

"మళ్ళీ ఏం కొలవటానికొచ్చారు?" అంది.

"కొలతలు కాదమ్మా. మొక్కలు నాటినచోట ఫొటోలు తియ్యాలి."

"ఏ మొక్కలు? మా దారికి అడ్డంగా ముళ్ళకంచె వేశారు. పీతలకి వెళ్ళాలంటే కాలవ చుట్టూ తిరిగి చస్తన్నాం. లోపల మొక్కలుంటే చూపించు, నోరు మూసుకుని పోతాను."

తప్పుకోమని డ్రైవరు అరిచాడు. ఆమె కదల్లేదు. నేను జీపు దిగి కంచె దాటాను. ఆమె నా వెనకే వచ్చింది. రోడ్డు మీదికి కనబడే ముక్కలో మాత్రం మొక్కలు మోకాలెత్తు పెరిగి ఉన్నాయి. మిగతాదంతా ఉప్పు తేలిన బురద. కర్రలు పాతి, వాటికి నంబర్లు రాసిన రేకులు కొట్టారు, అంతే.

"ఇది తియ్యి," అంది. తీశాను. "ఇదీ తియ్యి." అదీ తీశాను. ఎండలో సాయంత్రందాకా తిప్పింది. దాహం వేస్తున్నా, ఆ మొహం చూసి మంచినీళ్ళు అడగబుద్ధి కాలేదు.

ఇంటికెళ్ళగానే ఫొటోల్లో అక్షాంశ రేఖాంశాల అంకెలన్నీ చేర్చేసి, మర్నాడు అతని ఆఫీసులో చూపించాను.

"ఈ బురదెందుకు తీశావు?" అన్నాడు.

"అక్కడున్నది బురదే, బావగారూ."

"మొక్కలున్న ముక్కనే నాలుగు పక్కలనుంచీ తియ్యి. అంకెలు కంప్యూటర్లో మార్చుకోవచ్చుగా. అందుకేగా నిన్ను పెట్టుకుంది."

"నేను మార్చను."

"ఫొటోలు తీసుకునేవాడివి, నీకెందుకురా ఈ న్యాయాలు? ఇంకోడు మారుస్తాడు," అని పరికరం లాక్కున్నాడు. ఫొటోలు మాత్రం నా కంప్యూటర్లోనే ఉండిపోయాయి.

ఆ ఇంకోడెవడో నోటికొచ్చిన అంకెలు వేశాడు. సర్కారు ఆఫీసులో మ్యాపు మీద పెట్టి చూస్తే సగం మొక్కలు సముద్రం మధ్యలో తేలాయట. ఎవరు విన్నా నవ్వుతారు. నాకు నవ్వు రాలేదు, ఎందుకంటే ఆ తప్పు అతను నా మీదికి నెట్టాడు. ఫొటోగ్రాఫరుకి కంప్యూటర్ రాదని చెప్పి గడువు తెచ్చుకున్నాడు.

నా ఫొటోలన్నీ సీడీలోకి ఎక్కించి, బస్సెక్కి ఆ పీతలావిడ ఊరు వెళ్ళాను. ఊరిపెద్దల చేతికిచ్చి, ఏ ఫొటో ఎక్కడిదో అందులోనే ఉందని, కలెక్టరాఫీసులో అర్జీతో పాటు ఇమ్మని చెప్పాను. వాళ్ళు ఇచ్చారు. కొన్నాళ్ళకి పని ఇచ్చిన ఆఫీసువాళ్ళు తమ పరికరం పట్టుకుని వచ్చి, ఆ చోట్లన్నీ నడిచి చూసుకున్నారు. పని అతని చేతిలోంచి పోయింది. కంచె పీకేశారు.

ఆ కబురు తెలిసి మళ్ళీ వెళ్ళాను. ఆమె మెచ్చుకోవాలని కాదుగానీ, ఒక మంచి మాట అంటుందనుకున్నాను. దారిలో ఎదురైంది. బుట్ట దించకుండానే, "వచ్చింది వాళ్ళ జీపులోనేగా నువ్వు," అని ముందుకి నడిచింది. ఆ మాట గుచ్చుకుంది. అయినా ఆమె మీద కోపం రాలేదు. ఉన్న కోపమంతా అతనికే సరిపోయింది.

బందరులో నాకు పని పుట్టకుండా చేశాడు. గుడివాడ వెళ్ళి పెళ్ళిళ్ళు తీసుకుంటూ బతికాను. అక్కడ ఒక పెళ్ళికి అతనూ వచ్చాడు. స్టేజీ ఎక్కి, పెళ్ళికొడుకు పక్కన నిలబడి, "తియ్యవయ్యా," అన్నాడు, ఏమీ జరగనట్టు.

నేను కెమెరా దించాను.

"మీరు దిగితే తీస్తానండి," అన్నాను.

పెళ్ళివారంతా చూస్తున్నారు. అతని మొహం నల్లబడింది. స్టేజీ దిగి వెళ్ళిపోయాడు. ఆ పెళ్ళివారి కుటుంబంవాళ్ళు మరే శుభకార్యానికీ నన్ను పిలవలేదు.