ఒంటి బుట్టకమ్మతో నిడదవోలు దాకా

2007 ఫిబ్రవరి 11, ఆదివారం. రాజమండ్రిలో ఎనిమిదింటి ప్యాసింజర్ సరిగ్గా ఎనిమిదింటికే కదిలింది. ఈ రోజు మొదటి ఆశ్చర్యం అదే. నా ఒళ్ళో దూది పరిచిన చిన్న డబ్బా, అందులో మా అమ్మమ్మ బంగారు బుట్టకమ్మ ఒకటి. రెండోది పోయింది. కాలేజీ వార్షికోత్సవానికి అడిగి తెచ్చుకున్నాను. డాన్స్ అయ్యాక చూసుకుంటే ఎడమ చెవికి లేదు. మూడు వారాలుగా అమ్మమ్మ పిఠాపురం నుంచి ఫోన్‌లో అడుగుతోంది, "బుట్టలు జాగ్రత్తేనా?" అని. "జాగ్రత్తే అమ్మమ్మా" అంటున్నాను. ఆవిడకు తెలిసేలోపు జత చేయించాలని బయల్దేరాను. అవి చేసినాయన ఇప్పుడు లేరు. ఆయన కొడుకు సూర్యనారాయణ గారు మూడేళ్ళ కిందట హైదరాబాద్ వదిలేసి సొంతూరు వచ్చి, చేత్తో నగలు చేస్తున్నారని స్నేహితురాలు చెప్పింది.

నిడదవోలుకు ముప్పావు గంట, టికెట్ ఆరు రూపాయలు. స్టేషన్ బయట షేర్ ఆటోకు పది. కాలవ గట్టు వెంబడి ఇరవై నిమిషాలు వెళ్ళాలి. ఎవరింటికో చెప్పగానే డ్రైవర్ నవ్వాడు. "ఆయన దగ్గరికాండీ? మా ఆవిడ ముక్కుపుడక ఇచ్చి మూడు నెలలైందండి. ఎప్పుడడిగినా రేపే. ఆయన రేపుకి తారీఖుండదు. కానీ పని మాత్రం... వంక పెట్టలేమండి."

పెంకుటింటి ముందుగది ఆయన వర్క్‌షాప్. ఒక కుంపటి, ఊదుగొట్టం, కిటికీ దగ్గర పీట. మెషిన్ ఒక్కటీ లేదు. "హైదరాబాద్‌లో మెషిన్ మీద రోజుకి యాభై జతలు దించేవాణ్ణమ్మా. ఏది ఎవరి చెవికెళ్ళిందో కూడా తెలీదు" అన్నారు. డబ్బా తెరిచాను. బుట్ట అంచు చుట్టూ ఉన్న చిన్న చిన్న చేపలను చూడగానే ఆయన చేతులు తుడుచుకున్నారు.

"ఇది మా నాన్న చెక్కిన అచ్చు."

కంచు దిమ్మలో బొమ్మ చెక్కి, దాని మీద పల్చటి బంగారు రేకు పెట్టి కొడితే ఆ బొమ్మ రేకు మీదకు దిగుతుందట.

"అయితే అచ్చు ఉందాండీ?" నా గొంతులో ఆశ నాకే వినిపించింది.

"ఉంటే రెండ్రోజుల పని." బుట్టను తిరిగి దూది మీద పెట్టారు. "మెషిన్ కొనడానికి అచ్చులన్నీ పాత కంచు కింద తూకానికి అమ్మేశానమ్మా. నాన్నకి చెప్పలేదు. ఎవరైనా పాత నగ తెస్తే, 'అచ్చులు అబ్బాయి దగ్గర భద్రంగా ఉన్నాయి, వాడు రానీ' అనేవారట. పోయేదాకా అదే మాట."

ఇంకో దారి ఉందన్నారు. ఈ బుట్టనే మైనంలో నొక్కి కొత్త అచ్చు తీయాలి. కానీ రేకు బాగా అరిగిపోయింది. నలిగితే ఇదీ దక్కదు.

"నొక్కెయ్యండి, పర్లేదు" అన్నాను.

"ఇది నీదా, అమ్మమ్మగారిదా?"

"అమ్మమ్మదేనండి. ఒకటి పోయిందని ఆవిడకి తెలీదు. కొత్తది అచ్చం ఇలాగే ఉంటే ఇంక తెలియదు కదండీ?"

"నేనూ అలాగే అనుకున్నానమ్మా" అంటూ డబ్బా మూత పెట్టి నా చేతికిచ్చారు. "ఆవిడ సరేనంటే తీసుకురా. అన్నీ పక్కన పెట్టి చేస్తాను."

తిరుగు రైలులో డబ్బా బరువుగా అనిపించింది. బుట్ట జారిపోవడం ఒక్క సాయంత్రం జరిగింది. అందులో నా చేతుల్లో ఉన్నది తక్కువే. "జాగ్రత్తే" అన్న మాట మాత్రం ఫోన్ మోగిన ప్రతిసారీ నేనే కావాలని చెప్పాను. సూర్యనారాయణ గారు హైదరాబాద్ నుంచి తిరిగొచ్చారు, కుంపటి మళ్ళీ వెలిగించారు. కానీ చెప్పాల్సిన మాట వినడానికి వాళ్ళ నాన్న లేరు. మా అమ్మమ్మ ఉంది.

అక్కడికి పాత నగ తీసుకెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక్క మాట: అది ఎవరిదో వాళ్ళను కూడా వెంటబెట్టుకుని వెళ్ళండి. నాలా ఒక ఆదివారం వృథా కాదు.

రేపు కాలేజీ మానేస్తున్నాను. పొద్దున్నే పిఠాపురం రైలు ఎక్కుతాను. అమ్మమ్మ పూజ ముగించి కాఫీ కలుపుకునే వేళకు ఇంట్లో ఉండాలి. ముందు డబ్బా తెరుస్తాను, తర్వాత నోరు.