అబర్డీన్ మెట్టు మీద ధనుర్మాసం ముగ్గు

ఈరోజు పొద్దున్నే కార్డిఫ్ నుంచి మా అమ్మాయి ఫోన్ చేసి, మీ ఊళ్ళో రోడ్లన్నీ గడ్డకట్టాయట, కౌన్సిల్ వాళ్ళు మంచు కరగడానికి ఉప్పు చల్లేదాకా గడప దాటొద్దని తన ఇంగ్లీషులో నన్ను చిన్నపిల్లని గదమాయించినట్టు గదమాయించింది. సరేనన్నాను. కానీ చలికాలంలో ఎవరైనా జారిపడ్డారన్న మాట వింటే నాకు ఈ వయసులో కూడా సిగ్గుతో తల వాలిపోతుంది.

నా ఈడు వాళ్ళకి గుర్తుండే ఉంటుంది, డాక్టరు మొగుడి వెనకాల ఒక సూట్‌కేసు, ఒక ప్రెషర్ కుక్కరు పట్టుకుని ఈ దేశంలో దిగిన రోజులు. మావారికి అబర్డీన్‌లో ఆసుపత్రి ఉద్యోగం, ఆ డ్యూటీల రోటా ఏమిటో, ఎప్పుడు ఇంట్లో ఉంటారో ఆయనకే తెలిసేది కాదు. ఊరంతా బూడిదరంగు రాయి. డిసెంబరులో ఎనిమిదిన్నర దాటితే గానీ తెల్లవారదు, మూడున్నరకల్లా మళ్ళీ దీపాలు పెట్టుకోవాలి. మేమున్న పాత రాతి భవనంలో కింద రెండే ఫ్లాట్లు, ఒకటి మాది, ఎదురుగా ఒంటరిగా ఉండే ఓ పెద్దావిడది. ఇద్దరికీ వీధి తలుపు ఒకటే, దాని ముందున్న మెట్టూ ఒకటే. ఆవిడ యాస నాకూ, నా ఇంగ్లీషు ఆవిడకూ సగమే అర్థమయ్యేవి కాబట్టి ఎక్కువగా నవ్వులతోనే నెట్టుకొచ్చేవాళ్ళం.

ఇంతలో ధనుర్మాసం వచ్చింది. గోదావరి జిల్లాలో పుట్టి పెరిగినదాన్ని, ఆ నెల్లాళ్ళూ వాకిలి తడిపి ముగ్గు పెట్టందే పొయ్యి వెలిగించబుద్ధి కాదు. పేడ ఎలాగూ లేదు, అందుకని చెంబుడు నీళ్ళు మెట్టు మీద చల్లి బియ్యప్పిండితో చిన్న పద్మం వేసేదాన్ని. మొదట్లో చలి అంతగా లేదు గనక ఏమీ కాలేదు. రొట్టె కోసం బయల్దేరే ఆ పెద్దావిడ తలుపు దగ్గర ఆగి, వంగి చూసి, తలూపి వెళ్ళేవారు. పరాయి దేశంలో నా ముగ్గును మెచ్చుకునేవాళ్ళు దొరికారని నేను లోలోపల ఎంత మురిసిపోయానో చెప్పలేను.

ఒకరోజు ఆకాశం నిర్మలంగా ఉండి చలి ఒక్కసారిగా బిగిసింది. చీకట్లోనే ఎప్పట్లాగే నీళ్ళు చల్లి, ముగ్గు వేసి, కాఫీ పెట్టుకోవడానికి లోపలికొచ్చాను. కాసేపటికి బయట దబ్బుమని శబ్దం. ఆవిడ మెట్టు కింద ఒక పక్కకి పడి ఉన్నారు. మెట్టంతా పల్చగా గడ్డకట్టి, అందులో నా పద్మం చెక్కుచెదరకుండా మెరుస్తోంది.

తుంటి ఎముక విరిగింది. పైఅంతస్తు వాళ్ళు దిగొచ్చి మెట్టు గీకి, ఉప్పు చల్లి, నా వంక చూసి, ఒక్క మాట అనకుండా వెళ్ళిపోయారు. ఎవరైనా నాలుగు తిట్టినా ఇంత సిగ్గు ఉండేది కాదేమో. మావారు మాత్రం ఇంటికొచ్చి, “ఇక్కడ నీళ్ళు పోస్తే ఆరవే, గడ్డకడతాయి. ఆ మాత్రం తెలీదా?” అన్నారు. నిజంగానే తెలీదు. ఆ తెలియకపోవడమే మరీ సిగ్గనిపించింది.

ఆయన్ని వెంటబెట్టుకుని ఆసుపత్రి వార్డుకి వెళ్ళి క్షమించమని అడిగాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని నెమ్మదిగా, నాకర్థమయ్యేలా ఒక్కో మాటా విడదీసి చెప్పారు.

“నీ పువ్వు తొక్కడం ఇష్టంలేక మెట్టు అంచు మీద కాలేశానమ్మాయ్. రోజూ అలాగే దాటుతాను.”

వసంతం రాకముందే ఆవిడ కూతురు వచ్చి, ఇక ఒంటరిగా ఉండలేరని తేల్చి, నలభయ్యేళ్ళు కాపురమున్న ఆ ఇంటిని ఖాళీ చేయించి తీసుకెళ్ళిపోయింది. కారెక్కేటప్పుడు కూడా ఆవిడ నాకు చెయ్యి ఊపారు.

ఇప్పుడు ఈ ఊళ్ళో మెట్లు కడగడానికి కాంట్రాక్టు మనుషులొస్తారు, ఎదురింట్లో ఎవరున్నారో నాకు తెలీదు, నా ఇంగ్లీషుకి ఎవరూ నవ్వరు. ఆ రోజు వార్డులో చెప్పాల్సిన మాట ఇప్పుడైతే తడుముకోకుండా చెప్పగలను. మా ఊళ్ళో పాలవాడి దగ్గర్నుంచి పక్కింటి దూడ దాకా అందరూ ముగ్గు మీంచే నడుస్తారండీ, తొక్కుతారని తెలిసే వేస్తాం, మీరూ తొక్కాల్సింది.