జీపు కింద శుక్రవారం

నా చిన్నప్పుడు మాకు దోహాలో ఒక పాత జీపు ఉండేది. ఒంటె కన్నా ఎత్తు, ఓడ కన్నా కాస్త పొట్టి అని చెబితే మా పిల్లలు నమ్మరు. నేను చెప్పేవాటిలో సగం కోతలేనని వాళ్ళకు ఎప్పుడో తెలిసిపోయింది. కానీ ఇప్పుడు చెప్పబోయే ఈ ఒక్కటి కోత కాదు. దీనికి చిలవలు పలవలు అల్లే ఓపిక కూడా ఇప్పుడు నాకు లేదు.

చమురు డబ్బుతో ఊరంతా తవ్వకాలుగా ఉన్న రోజులవి. ఇవాళ వెస్ట్ బే అంటే అద్దాల మేడలు చూపిస్తారు. అప్పుడక్కడ సముద్రాన్ని మట్టి పోసి పూడ్చేవాళ్ళు. మా బాపు ఆ పనిలో క్రేన్ నడిపేవాడు. తెల్లవారకముందే కంపెనీ బస్సెక్కి, పొద్దుగూకాక దిగేవాడు. శుక్రవారం అందరికీ సెలవైతే ఆయనకు ఓవర్‌టైమ్. గుమ్మం దగ్గర చెప్పులుంటే బాపు వచ్చాడనీ, లేకపోతే పనికి పోయాడనీ అనుకునేదాన్ని. అంతకు మించి ఆయన ఆచూకీ నాకు తెలిసేది కాదు.

అలా మూడేళ్ళు గడిచాయో లేదో, కుటుంబాల వీసాలు ఇక పొడిగించేది లేదని కంపెనీ చెప్పేసింది. ఆదివారం విమానానికి అమ్మా నేనూ జగిత్యాల తిరిగిపోవాలి, బాపు ఒక్కడే ఉండిపోవాలి. అమ్మ ఏడవలేదు. పోయేలోపు ఒక పగలూ ఒక రాత్రీ ముగ్గురం కలిసి ఎటైనా పోదామని మాత్రం అడిగింది. బాపు ఫోర్‌మన్‌ను బతిమాలి శుక్ర, శనివారాలు సెలవు సంపాదించాడు. అందుకు బదులుగా ఆ వారమంతా రోజుకు రెండు డ్యూటీలు చేశాడు.

స్వదేశం వెళ్ళిపోతున్న ఒక ఇంజనీరు తన క్యాంపింగ్ ట్రైలర్‌ను బాపుకు వదిలిపోయాడు. రెండు చక్రాల మీద చిన్న డబ్బా అది. మూత ఎత్తితే గుడ్డ గోడలు లేచి, లోపల పరుపు కనిపించేది. దాన్ని జీపుకు తగిలించుకుని ఉమ్ సయీద్ అవతల, ఇసుక దిబ్బలు నీళ్ళలోకి దిగే చోటికి పోవాలని మా ఆలోచన.

జీపును అందుకు సిద్ధం చేసిన మనిషి గ్యారేజీ చాచా. హైదరాబాదు ఆయన. ఇండస్ట్రియల్ ఏరియాలో రేకుల షెడ్డు కింద ఆయన గ్యారేజీ. బాపుకు ఏనాటి నుంచో దోస్తు. ట్రైలర్ తగిలించే కొక్కేన్ని బంపరుకు బిగిస్తే చాలదా అని బాపు అడిగితే, బంపరు ఊడి ట్రైలర్‌తో పాటు పోతుందని కోప్పడి, చాసిస్‌కే బోల్టులు దింపాడు. కొక్కెం జారినా బండి విడిపోకుండా రెండు గొలుసులు కట్టాడు. రేడియేటర్ కడిగాడు, పగుళ్ళు పట్టిన గొట్టం మార్చాడు. అన్నిటికన్నా ఎక్కువసేపు బ్రేకుల దగ్గరే కూర్చున్నాడు. "లాగుడు గాడిద గూడ లాగుతది భాయ్. ఆపుడే కష్టం," అని గొణుగుతూ.

శుక్రవారం పొద్దున్నే బాపూ నేనూ సామానుతో గ్యారేజీకి చేరుకున్నాం. ట్రైలర్ తగిలించుకుని తిరిగొచ్చి అమ్మను ఎక్కించుకోవాలి. సామాను బాపే సర్దాడు. నీళ్ళ డబ్బాలు, గ్యాస్ బండ, ఇనప పెట్టె, బరువున్నదల్లా ట్రైలర్ వెనక కొసకు చేర్చాడు. చాచా అది చూసి, షెడ్డు ముందరి రోడ్డు మీద ఒక చుట్టు తిప్పి రమ్మన్నాడు. జీపు కాస్త వేగం అందుకోగానే ట్రైలర్ కుక్కతోకలా అటూ ఇటూ ఊగింది. నేను కేకలు పెట్టాను, భయంతో కాదు, సంబరంతో. బాపు మాత్రం చెమటలు కక్కుతూ వెనక్కి తెచ్చి ఆపాడు.

"బరువంత ఎనక్కెందుకు వెట్టినవ్?" అని అడిగాడు చాచా.

"ముసలి జీపు గదా చాచా. ముందట బరువైతే పాపం దాని మెడ మీద వడతది."

చాచాకు అర్థం కావడానికి ఒక నిమిషం పట్టింది. బాపు సేద్యగాడి కొడుకు. ఎడ్లబండి నింపేటప్పుడు బరువు ముందుకు ఒరిగితే కాడి ఎద్దుల మెడలు నలుపుతుందని, వాటి మీద జాలితో బరువును వెనక్కి సర్దే ఇంట పుట్టాడు. ఆ జాలిని తీసుకొచ్చి ఇనప జీపు మీద చూపించాడు. జీపుకు మెడ లేదనీ, వెనక బరువెక్కితే ట్రైలర్ తల తేలిపోయి జీపునే ఇసుకలోకి ఈడుస్తుందనీ చెబుతూ చాచా ఒక్కో డబ్బా ఇరుసుకు ముందు వైపుకు మార్చాడు. బాపు తల ఊపుతూ విన్నాడు. ఊపిన తల ఒకసారి కిందికి వాలి, ఉలిక్కిపడి పైకి లేచింది.

చాచా అది చూశాడు. "జీపు మెడ జూసినవ్. నీ మెడ జూసుకున్నవా? ఎన్ని దినాలైంది నిద్రబోయి?"

"సముద్రం కాడ పండుకుంట తియ్. ఇంటికాడ మా ఆమె ఎదురుజూస్తుంటది. యల్లా, పోతం."

పొమ్మనలేదు చాచా, వద్దనీ అనలేదు. ఆఖరి పని ఒకటి మిగిలిందన్నాడు. చక్రాలకు రాళ్ళు ఒత్తు పెట్టి, జీపు కింద అట్ట పరిచి, బాపును వెల్లకిలా పడుకోబెట్టి, చాసిస్‌కున్న ఒక నట్టు మీద పానా పెట్టించాడు. "నేను పైనుంచి బోల్టు తిప్పుత. చెప్పెదాక పానా ఇడువకు." అని నా దగ్గరికొచ్చి, నోటి మీద వేలు పెట్టుకుని, స్టూలు మీద ఊరికే కూర్చున్నాడు. తిప్పవలసిన బోల్టేమీ లేదు. కాసేపటికి పానా అట్ట మీద మెత్తగా పడిన చప్పుడైంది. ఆ వెంటనే గురక.

ఆ పొద్దంతా గ్యారేజీలో సుత్తి మోగలేదు. బండ్లు తెచ్చినవాళ్ళను చాచా సైగలతోనే వెనక్కి పంపాడు. నమాజుకు పోతూ నన్ను కాపలా పెట్టాడు. "ఎవరొచ్చినా లేపనియ్యకు బేటీ. ఏం జెప్తవో నీ ఇష్టం."

వచ్చింది అమ్మే. ఎదురుచూసి విసిగి, టిఫిన్ గిన్నెలతో టాక్సీ దిగింది. "ఏడే మీ బాపు?"

పెట్రోలుకు పోయాడన్నాను. జీపు ఇక్కడుంటే పెట్రోలెందుకని అడిగింది. షేకు గారు పిలిపించుకుపోయారన్నాను.

"మరి గా కాళ్ళెవలియి?"

"చాచా కొత్త మెకానిక్‌వి. మలబారాయన. తెలుగు రాదు," అన్నాను. తొమ్మిదేళ్ళ పిల్లకు అది మంచి కోతే.

ఆ మడమల పగుళ్ళు అమ్మకు తెలియనివా! వంగి జీపు కిందికి చూసింది. నోరు కొద్దిగా తెరుచుకుని, రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని నిద్రపోతున్న మొగుణ్ణి చూసింది. లేపుతుందనుకున్నాను. ఆ రోజు కోసం ఎంత ఎదురుచూసిందో నాకు తెలుసు. అమ్మ గిన్నెలు పక్కన పెట్టి, నేల మీద చతికిలబడి, కొంగుతో ఆయన కాళ్ళ మీది ఈగలు తోలడం మొదలుపెట్టింది. నీడ షెడ్డు ఈ చివరి నుంచి ఆ చివరికి జరిగేదాకా అలాగే కూర్చుంది.

బాపు లేచేసరికి మూడు దాటింది. తల జీపుకు కొట్టుకుని, "నా దినం నాశ్నం జేసినవ్ గద చాచా!" అని కళ్ళనీళ్ళ పర్యంతమయ్యాడు. చాచా బోల్టులు, గొలుసులు, దీపాలు మళ్ళీ ఒకసారి చూసి, బాపు కళ్ళలోకీ చూసి, ఇప్పుడు పొమ్మన్నాడు.

మామూలుగా అయితే ఇక్కడ నేను రోడ్డుకు అడ్డంగా ఒక ఒంటెను తెస్తాను. ఇసుక తుఫాను లేపుతాను. నిజానికి ఏమీ జరగలేదు. ట్రైలర్ బుద్ధిగా వెంట వచ్చింది, బాపు బుద్ధిగా నడిపాడు. పొద్దు వాలే వేళకు నీళ్ళ దగ్గరికి చేరాం, మర్నాడు తిరిగొచ్చాం, ఆదివారం విమానం ఎక్కాం.

తర్వాత చాలా ఏళ్ళకు, ఆ సగం రోజు పోయినందుకు బాధనిపించలేదా అని అమ్మను అడిగాను. సముద్రం సరిగ్గా యాదికి లేదంది. "మూడేండ్లు గాడ ఉన్నా, మీ బాపును పట్టపగలు తనివిదీర చూసింది గా ఒక్కనాడే."

నాకు వయసు మీద పడుతోంది, కోతలు కూడా మునుపటంత జోరుగా రావడం లేదు. అయినా మా ఇంట్లో ఎవరైనా పని నుంచొచ్చి పగటిపూట కాస్త కునుకు తీస్తే చాలు, ఎంత పెద్దవాళ్ళు తలుపు తట్టినా, ఇంట్లో లేరని నదురు బెదురు లేకుండా చెప్పి పంపించేస్తాను.